పడవ పందేలల్ల విమానం పెట్రోలు: ఎగిరేదానికి ఒక సాకున్నది, ఉరికేదానికి ఏమున్నది?

పెట్రోల్ల 20 శాతం ఇథనాల్ కలుపుడు మొదలైనకాంచి పాత బండ్లున్నోళ్ల లొల్లి ఆగుతలేదు. 2030 నాటికి చేరాల్నని పెట్టుకున్న లెక్కను సర్కారు 2025లనే అందుకున్నది. ఇథనాల్ లేని పెట్రోలు సుత బంకులల్ల ఉంచాలె అని కొందరు సుప్రీంకోర్టుకు పోతే, 2025 సెప్టెంబర్ 1న ఆ పిటిషన్ కొట్టేసిన్రు. మైలేజీ పడిపోయిందని కార్లోళ్లు, రబ్బరు పైపులు మెత్తబడుతున్నయని పాత బైకులోళ్లు మొత్తుకుంటనే ఉన్నరు. ఈ లొల్లిల నుంచే ఇంకో ముచ్చట పుట్టుకొచ్చింది. అసలైన పెట్రోలు కావాల్నంటే విమానం పెట్రోలు పోసుకోవాలె అని. సాక్ష్యం ఏందయ్యా అంటే పడవ పందేల వీడియోలు. నీళ్ల మీద రాకెట్ లెక్క పోతున్న పడవను సూపెట్టి, దీంట్ల పోసేది ఏవియేషన్ ఫ్యూయలే బ్రో, ఇది కూడ నీ ఆర్ఎక్స్ లెక్క టూ స్ట్రోకే బ్రో అని కింద రాస్తరు.

ఆ రాసిన రెండు మాటలు నిజమే. అందుకే ఈ ముచ్చట ప్రమాదం. పూర్తిగ అబద్ధమైతే ఒక్క మాటల కొట్టిపారేద్దుము.

ఎఫ్1హెచ్2ఓ అని ప్రపంచ స్థాయి పడవ పందెం ఉన్నది. కార్లకు ఫార్ములా వన్ ఎట్లనో నీళ్లకు గది అట్ల. మనకు కొత్తది గాదు. 2018 నవంబర్ 16 నుంచి 18 దాక విజయవాడ కాడ క్రిష్ణల, భవానీ ద్వీపం పక్కపొంటి, అమరావతి పేరు మీద ఈ పందెం జరిగింది. ఒడ్డు పొడుగూత జనం నిలబడి చూసిన్రు. ఆ పడవ పొడుగు ఆరు మీటర్లు, ఇంజన్ తోని కలిపి బరువు 400 కిలోల లోపే. వెనుక బిగించేది మెర్క్యురీ కంపెనీ రెండున్నర లీటర్ల వీ6 టూ స్ట్రోక్ ఇంజన్. నిమిషానికి 10,500 చుట్లు తిరుగుతది, 400 హార్స్ పవర్ దాక తీస్తది. రెండు సెకన్లల్ల 100 కిలోమీటర్ల స్పీడు, మొత్తం మీద 250 దాటుతది. ఈ తరగతి పడవలు తాగేది 100ఎల్ఎల్ అనే విమానం పెట్రోలు, గంటకు 120 లీటర్ల దాక.

ఇగ ఇక్కడ్నే జర ఆగాలె. విమానం పెట్రోలు అనంగనే మనోళ్ల కండ్ల ముందు శంషాబాద్ల నిలబడ్డ పెద్ద విమానం, దాని కింద ట్యాంకరు కనవడ్తయి. ఆ ట్యాంకర్ల ఉండేది పెట్రోలు కానే గాదు. అది ఏటీఎఫ్, అంటే శుద్ధి చేసిన కిరసనాయిల్ జాతి. జెట్ ఇంజన్లకు గది. దాన్ని తెచ్చి ఆర్ఎక్స్ 100ల పోస్తే స్పీడు సంగతి దేవుడెరుగు, ఇంజన్ కొట్టుకొని కొట్టుకొని పిస్టన్ పట్టేస్తది. కేరళల మత్స్యకారులు పడవ మోటర్లను కిరసనాయిల్ తోని నడుపుతరు గద అని ఎవరన్న అడగొచ్చు. అది వేరే జాతి ఇంజన్ తమ్మీ. ఆ నూనె కోసమే ఒత్తిడి తగ్గించి కట్టిన మోటరు. పెట్రోలు తోని స్టార్ట్ చేసి, వేడెక్కినంక కిరసనాయిల్ మీదికి మారుస్తరు.

రెండోది ఏవ్‌గ్యాస్. పైలట్ ట్రైనింగ్ ఇచ్చే చిన్న విమానాలల్ల, ముందట ఫంకి తిరిగే పిస్టన్ ఇంజన్లల్ల పోసేది. పడవ పందెపోళ్లు వాడేది దీన్నే. మన దేశం దీన్ని శానా ఏండ్లు బయట నుంచే తెప్పించుకున్నది. 2022 సెప్టెంబర్ల ఇండియన్ ఆయిల్ కంపెనీ వడోదర కాడి రిఫైనరీల స్వంతంగ చేసి విడుదల చేసింది. బంకుల దొరకదు. ఫ్లయింగ్ స్కూళ్లకు, అసుంటి విమానాలున్నోళ్లకు పోతది. పేర్ల ఉన్న ఎల్ఎల్ అంటే తక్కువ సీసం అని అర్థం. తక్కువ అన్న మాట చూసి మోసపోవద్దు. దానికి ముందున్న రకంల ఇంతకు రెట్టింపు ఉండేది, దాని లెక్కల ఇది తక్కువ. లీటరుకు 0.56 గ్రాముల దాక సీసం ఉండొచ్చని రూలు. పది లీటర్లు పోసుకుంటే ఐదున్నర గ్రాములు.

పందెపోళ్లు దీన్ని ఎందుకు పట్టుకున్నరంటే దానికి కారణం ఆక్టేన్. ఈ ఆక్టేన్ మీదనే మనోళ్లకు అన్నిటికన్న పెద్ద భ్రమ. నంబర్ పెరిగితే పెట్రోల్ల బలం పెరిగినట్టే అనుకుంటరు. ఆక్టేన్ అంటే బలం గాదు, ఓపిక. సిలిండర్ల పిస్టన్ మీదికొచ్చి పెట్రోలు ఆవిరిని గట్టిగ ఒత్తుతది. ప్లగ్గు మంట కొట్టేదాక ఆ ఆవిరి ఓపిక పట్టాలె. ఓపిక లేకపోతే దానంతట అదే యాడనో ఒక మూలకు అంటుకొని పేలుతది. గదే మన మెకానిక్‌లు ఇంజన్ కొట్టుకుంటున్నది అనేది. ఎంత గట్టిగ ఒత్తితే అంత బలం వస్తది కాబట్టి పందెపు ఇంజన్ను శానా గట్టిగ ఒత్తేటట్టు కడ్తరు. అంత ఒత్తిడికి ఆగాల్నంటే ఓపిక ఎక్కువున్న పెట్రోలు కావాలె. అంతే సంగతి. కిలో ఏవ్‌గ్యాస్‌ను కాలబెట్టినా, కిలో మామూలు పెట్రోలును కాలబెట్టినా వచ్చే వేడి ఇంచుమించు ఒక్కటే. నీ బండి ఇంజన్ అంతగనం ఒత్తకపోతే ఆ ఓపిక దేనికి పనికొస్తది? 98 సీసీ, 11 హార్స్ పవర్ ఉన్న ఆర్ఎక్స్ 100ను 1985ల మన బంకులల్ల దొరికే పెట్రోలు కోసమే కట్టిన్రు. పది మందికి వండే గంజుల ఇద్దరి బియ్యం పోసినట్టు ఉంటది.

పైంగ నష్టం సుత ఉన్నది. ఏవ్‌గ్యాస్ మన పెట్రోలు కన్న తేలిక. కార్బొరేటర్ జెట్టు రంధ్రం మారదు, దాంట్ల నుంచి పోయే నూనె బరువు తగ్గుతది. అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతది. టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఇంతకు మించిన శత్రువు లేదు. ఎందుకంటె దానికి చల్లదనం, జిడ్డు రెండు కూడ ఆ మిశ్రమంతోనే అందుతయి. మిశ్రమం పలుచబడితే పిస్టన్ నెత్తి కరిగి రంధ్రం పడ్తది. పందెపోళ్లు జెట్లు మార్చుకుంటరు, ప్రతి పందెం తర్వాత ఇంజన్ విప్పి చూసుకుంటరు. మనం? మళ్ల సీసం పోయి ప్లగ్గు మొన మీద బూడిద లెక్క పేరుకుంటది. ఆ పేరుకున్నదాన్ని ఊడగొట్టేతందుకే ఏవ్‌గ్యాస్‌ల ఇంకో రసాయనం కలుపుతరు. అది సుత విషమే.

మరి పడవలోళ్లు అంత మంది ఎందుకు వాడుతరంటే ఆక్టేన్ ఒక్కటే గాదు. బంకు పెట్రోలు దేశానికో తీరు, సీజన్‌కో తీరు ఉంటది. ఏవ్‌గ్యాస్ యాడ కొన్నా ఒక్క కొలత మీదనే ఉంటది, ఎందుకంటె గాల్ల ఉన్న మనిషి ప్రాణం దాని మీద ఆధారపడ్డది. ఇథనాల్ ఉండదు. ఇథనాల్‌కు నీళ్లను గుంజుకునే గుణం ఉన్నది, నీళ్ల మీద తిరిగే పడవకు అది కష్టమే. నెలల తరబడి దాచిపెట్టినా చెడిపోదు. ఇవన్ని న్యాయమైన కారణాలే. గని వీటిల్ల ఒక్కటి సుత సీసం వల్ల వచ్చింది గాదు. నికరం కొలత, ఇథనాల్ లేకపోవుడు, నిల్వ ఆగుడు, ఇవన్ని సీసం లేని పందెపు పెట్రోలుతోని సుత సాధ్యమే. 100 ఆక్టేన్ సుత సీసం లేకుంట వస్తది. ఇదే ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్ల ఎక్స్‌పీ100 అని బంకులల్ల పెట్టింది గద, అది కార్లకు, బైకులకు. రెండు 100లు ఒక్క తీరుగ కొలిచినవి గాదు గని, సీసం లేకుంట ఓపిక తేవచ్చు అనేతందుకు గది సాక్ష్యం.

ఇగ నా అసలు మాటకు వస్త. విమానానికి సీసం పెట్రోలు వాడేతందుకు ఒక సాకున్నది. పడవకు ఆ సాకు లేదు.

విమానం సాకు ఏందో సూద్దాం. పదివేల అడుగుల మీద ఇంజన్ కొట్టుకొని ఆగిపోతే రోడ్డు పక్కకు ఆపుకునేతందుకు ఉండదు. సీసం ఆ కొట్టుకునుడును ఆపుతది. ఇంకొకటి, ఫోర్ స్ట్రోక్ ఇంజన్ల పొగ బయటికి పోయే వాల్వు కూసుండే గద్దె అరగకుంట సీసం ఒక పొర లెక్క కాపాడుతది. ఇది ఊకనే చెప్పే మాట గాదు. అమెరికాల నార్త్ డకోటా యూనివర్సిటీ తన ట్రైనింగ్ విమానాలను 2023ల సీసం లేని 94 ఆక్టేన్ పెట్రోలుకు మార్చింది. కొన్ని నెలలకే వాల్వు గద్దెలు అరుగుతున్నయని చూసి మల్ల పాతదానికే పోయింది. అంటే విమానపోళ్ల కష్టం నిజమైనది. అయినా వాళ్లు విడిచిపెట్టే దారి వెతుకుతున్నరు. 100 ఆక్టేన్ ఉండి సీసం లేని ఒక రకానికి 2022 సెప్టెంబర్ల అమెరికా విమాన శాఖ అనుమతి ఇచ్చింది. 2030 ఆఖరు కల్లా సీసం పెట్రోలు బంద్ చెయ్యాల్నని వాళ్లు లెక్క పెట్టుకున్నరు. కాలిఫోర్నియా రాష్ట్రం 2031 జనవరి 1 నుంచి అమ్మొద్దని చట్టమే చేసింది. యూరప్‌ల 2025 మే 1 నుంచి ఆ సీసం రసాయనాన్ని ప్రత్యేక అనుమతి లేకుంట వాడొద్దు.

పడవకు రాండ్రి. టూ స్ట్రోక్ ఇంజన్ల ఆ తీరు వాల్వులే ఉండవు. సిలిండర్ గోడకున్న రంధ్రాలతోనే పని నడుస్తది. వాల్వే లేనప్పుడు గద్దె అరుగుడు ఎక్కడిది? ఇంజన్ ఆగిపోతే పడవ నీళ్ల మీద తేలుకుంట ఉంటది, గుంజుకపోయేతందుకు వేరే పడవ వస్తది. ఓడిపోతరు, అంతే. ప్రాణాల కోసం ఇచ్చిన మినహాయింపును కప్పు కోసం వాడుకుంటున్నరు.

అంతేగాదు, సీసం పెట్రోలు పోసేతందుకు టూ స్ట్రోక్‌ను మించిన తప్పు ఇంజన్ లేదు. కొత్త ఆవిరి లోపలికి రావాలె, పాత పొగ బయటికి పోవాలె, రెండు రంధ్రాలు ఒక్కపారే తెరుచుకొని ఉంటయి. పాత పద్ధతి టూ స్ట్రోక్‌లల్ల పోసిన పెట్రోల్ల పావు వంతు నుంచి 30 శాతం దాక కాలకుంటనే పొగతోని బయటపడ్తది. ఆర్ఎక్స్ వెనుక పోతుంటె వచ్చే ఆ వాసన, మనం మస్తుగ ఉన్నదని ముక్కు లావు చేసి పీల్చే వాసన, గది కాలని పెట్రోలే. కాలిన సీసం సన్న దుమ్ము లెక్క గాల్ల కలుస్తది. కాలని సీసం పచ్చిగ పోతది. పడవ ఇంజన్‌కు సైలెన్సర్ మూతి నీళ్లకాన్నే ఉంటది.

లెక్క చేసి సూద్దాం. గంటకు 120 లీటర్లు, లీటరుకు ఎక్కువల ఎక్కువ 0.56 గ్రాములు. అంటే ఒక్క పడవ గంటకు 67 గ్రాముల సీసం. పదిహేను పడవలు ముప్పావు గంట పరుగెత్తినయి అనుకుంటే 1,350 లీటర్లు, 756 గ్రాముల సీసం. ప్రాక్టీసు, క్వాలిఫయింగ్ వేరే. ఇది నేను కాయిదం మీద చేసిన లెక్క, ఎవరో నీళ్లు పరీక్ష చేసి చెప్పింది గాదు. ఆ కాయిదం మీదనే రెండో దిక్కు సుత రాయాలె. ప్రకాశం బ్యారేజీ వెనుక ఆగే నీళ్లు ఇంచుమించు మూడు టీఎంసీలు. ఆ సీసమంత ఆ నీళ్లల్లనే సమానంగ కలిసిందనుకున్నా, తాగే నీళ్లకు పెట్టిన హద్దుల వెయ్యో వంతు సుత గాదు. కాబట్టి ఒక్క పందెంతోని విజయవాడ నల్లాలల్ల విషం పారుతదని ఎవరన్న రాస్తే నమ్మకుండ్రి. సీసం మీద కోపం ఉన్నంత మాత్రాన లెక్క తప్పు చెప్పొద్దు.

మరి బాధ యాడుందంటే, సీసం గట్ల సమానంగ కలవది. పందెం జరిగిన కాడ గాల్ల ఉంటది, అడుగు బురదల కూసుంటది. ప్లాస్టిక్ అన్న వెయ్యేండ్లకు చితుకుతదేమో గని, సీసం మూలకం, అది ఎన్నటికి విరగదు. ఎవరికి తాకుతదంటే ఇంజన్ కాడ పనిచేసేటోళ్లకు, పీపాల నుంచి నూనె పోసేటోళ్లకు, ఒడ్డు మీద అయ్య భుజాల మీద కూసోని చూసే చిన్న పిల్లలకు. చిన్న పిల్లల మెదడుకు ఇంత సీసం అయితే ఏం గాదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నడో చెప్పింది.

పందేలకు ఇచ్చే మినహాయింపు ఎంత ఖర్చు పెట్టిస్తదో అమెరికాలనే తేలింది. అక్కడ మామూలు కార్లకు సీసం పెట్రోలు బంద్ చేసినా, రేసు కార్లకు మాత్రం చట్టంల మినహాయింపు ఉండె. నాస్కార్ అనే పెద్ద కార్ల పందెం 2007ల స్వంతంగ సీసం లేని పెట్రోలుకు మారింది. ఆ మారుడుకు ముందు, తర్వాత లెక్కలను హాలింగ్స్‌వర్త్, రూడిక్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పక్కపక్కకు పెట్టి చూసిన్రు. సీసం పోసి పందెం నడిచినప్పుడు ఆ చుట్టుపక్కల గాల్ల సీసం పెరిగింది, పిల్లల రక్తంల సీసం పెరిగింది, ముసలోళ్ల చావులు పెరిగినయి. మారినంక తగ్గినయి. పందేలు మాత్రం ఆగలె. కార్లు అంతే స్పీడు ఉరుకుతున్నయి, జనం అంతే లొల్లి చేస్తున్నరు.

విమానాల కాడ సుత గట్లనే ఉన్నది. కాలిఫోర్నియాల శాన్ హోసే పట్నంల రీడ్ హిల్‌వ్యూ అని చిన్న విమానాశ్రయం ఉన్నది. దాని చుట్టు బస్తీలు, చానమటుకు కూలినాలి చేసుకునే కుటుంబాలు. అర మైలు లోపల ఉన్న పిల్లల రక్తంల సీసం ఎక్కువున్నదని 2021ల వచ్చిన అధ్యయనం చెప్పింది. 2022 జనవరి నుంచి అక్కడ సీసం పెట్రోలు అమ్ముడు ఆపేసిన్రు. అమెరికాల గాల్ల కలిసే సీసంల ఇప్పుడు దాదాపు 70 శాతం ఈ చిన్న విమానాలదే. మిగిలిన దారులన్ని మూసినంక సాకు ఉన్న దారి ఒక్కటే పెద్దగ కనవడ్తున్నది.

మనం మూసిన దారి సుత ఉన్నది. 2000 ఫిబ్రవరి నుంచి మన దేశంల బంకులల్ల సీసం లేని పెట్రోలే. ఇది సదువుతున్న మీల శానామంది అప్పటికి పుట్టనే లేదు. ప్రపంచంల ఆఖరికి అల్జీరియా 2021 జులైల ఆపింది. వంద సంవత్సరాలు పట్టింది దాన్ని వదిలించుకునేతందుకు. 1921ల అమెరికాల థామస్ మిడ్జ్‌లీ అనేటాయిన ఈ సీసం రసాయనంతోని ఇంజన్ కొట్టుకునుడు ఆగుతదని కనుక్కున్నడు. మూడేండ్లు తిరగకముందే, 1924ల న్యూజెర్సీల ఒక రిఫైనరీల దాన్ని తయారు చేసే కూలీలు ఐదుగురు పిచ్చెక్కి కొట్టుకొని చనిపోయిన్రు. ఆయినకు సుత సీసం సోకి మంచాన పడ్డడు. తెలిసి తెలిసి అమ్మిన్రు. ఎందుకంటె లాభం కంపెనీది, రోగం కూలోళ్లది.

కూలోళ్లు అన్నంక మన షెడ్డుల ముచ్చట చెప్పాలె. మా ఊరి బస్టాండు కాడ ఉన్న మెకానిక్ షెడ్డుల నేను గంటలు గంటలు కూసున్న. పద్నాలుగు, పదిహేనేండ్ల పోరగాండ్లు కార్బొరేటర్ విప్పి పెట్రోల్ల వట్టి చేతులతోని కడుగుతరు. ఆ చేతులు అంగికి తుడుసుకొని మిర్చి బజ్జీ తింటరు. ట్యాంకుల నుంచి పెట్రోలు తియ్యాల్నంటే పైపు నోట్ల పెట్టి గుంజుతరు. ఒక్క గుక్క నోట్ల పడితే ఉమ్మేసి నవ్వుతరు. మామూలు పెట్రోలే దానికి మంచిది గాదు. ఏవ్‌గ్యాస్‌ల ఉండే సీసం, పెయింటుల ఉండే సీసం లెక్క గాదు. అది నూనెల కరిగి ఉంటది, తోలు మీద పడితే తోలు నుంచే ఒంట్లెకు పోతది. ఏ ఫ్లయింగ్ క్లబ్బు నుంచో దొంగతనంగ ఒక క్యాన్ సంపాయించి, రీలు తీసుకునేతందుకు ఆ షెడ్డుకు తెచ్చినవనుకో, స్పీడు నీది, ఆ గుక్క ఆ పోరనిది.

సీసం అంటే మన దిక్కు ముందుగాల భయపడాల్సింది విమానం పెట్రోలుకు గాదు, అది నాకు ఎరుకే. పాత బ్యాటరీలు పలగ్గొట్టి పొయ్యిల కరిగించే జాగలు దీనికన్న వెయ్యి రెట్లు పెద్ద ముచ్చట. 2020ల యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన రిపోర్టుల ప్రపంచంల 80 కోట్ల పిల్లల రక్తంల సీసం హద్దు దాటిందని ఉన్నది, దాంట్ల 27 కోట్లకు మించి మన దేశపోళ్లే. దాని మీద వేరేగ రాయాలె, రాస్త. గని పెద్ద దొంగ ఉన్నడని చిన్న దొంగకు తలుపు తీసి పెట్టుడు యాడి న్యాయం? అది గూడ సర్కారు పైసలతోని, సర్కారు జెండా ఊపి?

మన రెండు రాష్ట్రాల సర్కార్లకు ప్రపంచ స్థాయి పందేలు తెచ్చుడంటే మోజు. పార్టీ ఏదైనా అంతే. 2018ల విజయవాడల పడవలు ఉరికినయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కపొంటి కరెంటు కార్లు ఉరికినయి. ఆ కార్ల పందెం పైసల మీద తర్వాత కేసులు, పంచాయితీలు ఎంత దూరం పోయినయో అందరికి తెలిసిందే. ఆ ముచ్చట్ల తప్పొప్పులు కోర్టు చూసుకుంటది. నేను అడిగేది వేరే. ఎవరు ఎంత ఇచ్చిన్రు అని వంద చర్చలు నడిచినయి. నది మీద ఏం పోస్తరు, ఏం కాలబెడ్తరు అన్నది ఏ చర్చల సుత వినవడదు. స్టేజీ మీద లైట్లు ఎన్ని పెట్టాల్నో టెండర్ల రాస్తరు, ట్యాంకుల ఏ పెట్రోలు ఉండాల్నో రాయరాదా?

రాసుడు కష్టం గాదు. సీసం లేని పెట్రోలు మాత్రమే అన్న ఒక్క లైను చాలు. మీ ఇంజన్ దానికి ఆగదు అంటరా, జర ఒత్తిడి తగ్గించుకోండ్రి, పది కిలోమీటర్లు స్పీడు తక్కువైతది. అందరికి ఒక్క తీరుగనే తక్కువైతది కాబట్టి గెలుపోటములు మారయి. మెర్క్యురీ కంపెనీయే ఈ పందేల కోసం 360 ఏపీఎక్స్ అని ఫోర్ స్ట్రోక్ వీ8 ఇంజన్ తెచ్చింది, అంటే టూ స్ట్రోకే దిక్కు అనే మాట వాళ్లే విడిచిపెడ్తున్నరు. 2024 ఫిబ్రవరిల జెడ్డాల ఈ1 అని కరెంటు పడవల పందెం మొదలైంది. వాటి స్పీడు 90 కిలోమీటర్ల చిల్లర, 250తోని పోల్చితే నడుసుకుంట పోయినట్టే. గందుకని దాన్నే తేవాల్నని నేను అనను. ఇంజన్ సప్పుడు లేని పందెం నాకు సుత సప్పగనే ఉంటది. సప్పుడు ఉండని, సీసం వద్దు.

పాత టూ స్ట్రోక్ బండి ఉన్న తమ్ముండ్లకు ఈ ఇథనాల్ లొల్లిల కష్టం ఉన్నది, దాన్ని నేను తక్కువ చేస్తలేను. కొన్నప్పుడు లేని రూలు ఇప్పుడు పెట్టి, బంకుల వేరే పెట్రోలు ఎంచుకునేటట్టు లేకుంట చేసిన్రు. అది అడగాల్సిన పంచాయితే, అడగాలె. గని దానికి మందు ఏవ్‌గ్యాస్ గాదు. బండి నెల రోజులు మూలకు పెట్టేటట్టుంటే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టుండ్రి, ఇథనాల్ గుంజుకున్న నీళ్లు అడుక్కు దిగి తుప్పు పట్టియ్యకుంట ఉంటది. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ల వాషర్లు ఇథనాల్‌కు ఆగేటివి దొరుకుతున్నయి, మార్పించుండ్రి. టూటీ ఆయిల్ ట్యాంకు ఎన్నడు ఎండనియ్యకుండ్రి. ఇంజన్ కొట్టుకుంటుంటే పెట్రోలు మార్చుడు కన్న ముందు సిలిండర్ హెడ్డు విప్పి మసి గీకిపియ్యుండ్రి, టైమింగ్ చూపియ్యుండ్రి. పది ఇంజన్లల్ల తొమ్మిదింటికి రోగం గక్కడ్నే ఉంటది. కడిగేటప్పుడు ఆ పోరనికి రబ్బరు గ్లౌజులు కొనియ్యుండ్రి, పైపుకు చేతితోని ఒత్తే పంపు బిగియ్యుండ్రి. రెండు కలిపినా ఒక్క ఫుల్ ట్యాంకు పైసలు గావు.

మల్ల ఎప్పుడన్న భవానీ ద్వీపం కాడనో, నాగార్జునసాగర్లనో పడవ పందెం అని టూరిజమోళ్లు బోర్డు పెడ్తరు. టికెట్ బుక్ చేసుకునేటప్పుడు కింద కామెంట్ పెట్టే జాగ ఉంటది. ఏ పెట్రోలు పోస్తున్నరు, లీటరుకు ఎన్ని గ్రాముల సీసం ఉన్నది, పందెం ముందు, తర్వాత నీళ్లు, అడుగు బురద పరీక్ష చేసి కాయిదం బయట పెడ్తరా అని అండ్ల రాయుండ్రి. సమాధానం రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి. దానికి ఫీజు పది రూపాయలు.